బోన్‌లెస్ కత్తికి పిడి మార్చాం: చిత్తూరు చికెన్ యూనిట్‌లో ఒక కేసు

ఫిజియోథెరపిస్టుగా తిరుపతిలో నేను చూసేది ఎక్కువగా చేతుల కేసులే. టైలర్లు, పూలు కట్టే ఆడవాళ్లు, మెకానిక్‌లు, రోజంతా పరోటా పిండి పిసికే మాస్టర్లు. పోయినేడు ఉగాదికి రెండు వారాల ముందు చిత్తూరు నుంచి ఒకామె వచ్చింది. వయసు 36. హోటళ్లకు బోన్‌లెస్ చికెన్ కోసి పంపే చిన్న యూనిట్‌లో ఆరేళ్లుగా పని, కుడి చేతివాటం. ఆమె చెప్పిన మాట అలాగే రాసి పెట్టుకున్నాను: "కోసేటప్పుడు ఏం తెలీదు సార్, రాత్రి రెండు గంటలకి చెయ్యి మొద్దుబారి లేపేస్తా ఉండాది. లేచి విదిలిస్తే గానీ ప్రాణం రాదు."

ఆ విదిలించడం అన్న మాట వినగానే సగం విషయం తెలిసిపోతుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలులో సగం తిమ్మిరి, చిటికెన వేలు మాత్రం బాగానే ఉంది. మణికట్టు లోపలికి వంచి ఒక నిమిషం ఉంచమంటే ఇరవై సెకన్లకే తిమ్మిరి మొదలైంది. కార్పల్ టన్నెల్. మణికట్టు దగ్గర ఎముకల మధ్య ఒక ఇరుకు దారి ఉంటుంది, వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు), ఆ మూడున్నర వేళ్లకు స్పర్శనిచ్చే మీడియన్ నరం అన్నీ అందులోంచే పోవాలి. పిడికిలి గంటల తరబడి బిగించి ఉంచితే టెండన్ల చుట్టూ వాపు వస్తుంది, ఆ ఇరుకులో నలిగేది నరం. షుగర్ ఉన్నా, థైరాయిడ్ తక్కువగా ఉన్నా ఇదే రావచ్చు కాబట్టి ముందు ఆ రెండు పరీక్షలూ చేయించాం, రెండూ నార్మల్. పట్టు బలం కొలిచే గ్రిప్ డైనమోమీటర్‌లో ఎడమ చెయ్యి 21 కిలోలు చూపిస్తే రోజంతా పనిచేసే కుడి చెయ్యి 15 చూపించింది.

అప్పటికే రెండు చోట్ల చూపించుకుని వచ్చింది. నొప్పి మాత్రలు, రాత్రి కట్టుకునే పట్టీ, ఆపైన పని మానేయమన్న సలహా. "మానేస్తే ఇల్లెట్ల గడుస్తాది సార్" అంది. ఆ ప్రశ్నకు క్లినిక్‌లో కూర్చుని చెప్పే జవాబు నా దగ్గర లేదు, అందుకే మరుసటి ఆదివారం చిత్తూరు వెళ్లాను. చేతి కేసులు చూసే ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా ఆ చెయ్యి పనిచేసే చోటికి వెళ్లాలని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే పేషెంటు చెప్పేది నొప్పి గురించి, మనకు కావలసింది పని గురించి.

యూనిట్‌లో కోసేవాళ్లు నలుగురు. మొద్దు మీద మచ్చుకత్తితో ముక్కలు కొట్టే పెద్దాయన వేరే. ఈ నలుగురూ లెగ్ పీసులోంచి ఎముక తీసి మాంసం ఒక్క పలకలా విప్పుతారు. ఫోన్‌లో వీడియో తీసి తర్వాత నెమ్మదిగా లెక్కపెట్టాను: ఒక్కో లెగ్‌కి పన్నెండు నుంచి పదిహేను కోతలు, గంటకు డెబ్బై లెగ్గుల దాకా. అంటే గంటకు తొమ్మిది వందల కోతలు, ఐదు గంటలు కూర్చుంటే, కాదు నిలబడితే, నాలుగున్నర వేలు. ఆదివారం అంతకంటే ఎక్కువే.

నన్ను ఆపేసింది మాత్రం కోతల సంఖ్య కాదు, కోతకీ కోతకీ మధ్య జరిగేది. కోసిన మాంసం ట్రేలో వేసి ఇంకో లెగ్ తీసుకునే రెండు మూడు సెకన్లలో కత్తి పట్టిన చెయ్యి సడలాలి. ఏ పనిలోనైనా చెయ్యి తనకు తెలియకుండానే ఆ కాస్త విశ్రాంతి తీసుకుంటుంది. ఈమె చెయ్యి సడలడం లేదు. గోళ్లు చూస్తే తెలుస్తుంది, గట్టిగా పట్టినప్పుడు గోరు కింద రక్తం తగ్గి తెల్లబడుతుంది, సడలగానే గులాబీ రంగు తిరిగొస్తుంది. పది నిమిషాల వీడియోలో ఆమె గోళ్లు తెల్లగానే ఉన్నాయి.

ఎందుకక్కా అంత గట్టిగా పడతావు అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పింది: "వదిలితే జారుతుంది సార్. ఆ తమ్ముడికి అట్లనే తెగింది."

ఆ తమ్ముడు అక్కడే పక్క బల్ల దగ్గర ఉన్నాడు. ఏడాదిన్నర కిందట కత్తి మొన కీలు ఎముకకు గుద్దుకుని ఆగిపోయింది, కత్తి ఆగినా చెయ్యి ఆగలేదు, కొవ్వు అంటిన పిడి మీద ముందుకు జారి వేళ్లు అంచు మీదికి వెళ్లిపోయాయి. చిటికెన వేలు ఇప్పటికీ పూర్తిగా ముడవదు. అది కళ్లారా చూసినవాళ్లు కత్తి ఎట్లా పట్టుకుంటారు? నాకు ఈ కేసు మొత్తం ఆ క్షణంలో అర్థమైంది. బలం కోసం పట్టేది కొంచెమే, మిగతాదంతా భయం పడుతున్న పట్టు. కత్తి పిడి చెయ్యికి సుఖంగా ఉండటం ఒక సంగతి, వేలు తెగకుండా ఉండటం ఇంకో సంగతి అని అప్పటిదాకా విడివిడిగా అనుకుంటూ వచ్చాను. ఇక్కడ రెండూ ఒకటే. జారదు అన్న నమ్మకం చెయ్యికి కలిగితే తప్ప అది సడలదు.

ఇక ఆ కత్తి. ఆరంగుళాల స్టెయిన్‌లెస్ బ్లేడు, మంచిదే. పిడి మాత్రం చెక్కది, రెండు రివెట్లు, పొడవు 95 మిల్లీమీటర్లు, మందం 18, నీళ్లలో నాని నాని అంచులు అరిగి నున్నగా సబ్బు ముక్కలా తయారైంది. ముందు భాగంలో చెయ్యి ఆగడానికి ఏ మెట్టూ లేదు, బ్లేడు ఎక్కడ మొదలవుతుందో పిడి అక్కడ సాఫీగా అయిపోతుంది. జారకుండా ఒకరు సైకిల్ ట్యూబు చుట్టారు, ఇంకొకరు గుడ్డ పీలిక. ఆ గుడ్డ విప్పి చూపించమన్నాను. వాసన గురించి రాయను, రివెట్ల చుట్టూ చెక్కకీ బ్లేడుకీ మధ్య సందులో ఏం పేరుకుని ఉందో కూడా రాయను. మాంసం దుకాణాల కత్తులు, పనిముట్లు స్టెయిన్‌లెస్ స్టీలువి ఉండాలని దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలు అంటాయి, అందరూ బ్లేడు చూసి సరేనంటారు, పిడి సందులోకి ఎవరూ తొంగి చూడరు.

పిడి చేతిలో ఎక్కడ నొక్కుతోందో తెలుసుకోవడానికి ఒక చిన్న పని చేశాను, ఎవరైనా చేసుకోవచ్చు. పిడికి స్టాంపు ప్యాడు ఇంకు పూసి, పని అయ్యాక, మాంసం ముట్టకుండా, ఒక గట్టి స్పాంజి ముక్కను పది నిమిషాలు కోయించాను. అరచేతిలో ఇంకు రెండు చోట్ల దట్టంగా పడింది. ఒకటి చూపుడు వేలి మొదటి కణుపు దగ్గర, అక్కడ కాయ కాసి ఉంది. రెండోది అరచేతి మడమలో, సరిగ్గా నడిమధ్య. పిడి పొట్టిది కాబట్టి దాని కొన అరచేయి దాటి బయటికి రాకుండా అక్కడే గుచ్చుకుంటోంది, దాని కిందే ఆ నరం పోయే దారి. అరచేతి వెడల్పు, బొటనవేలు వదిలేసి, 74 మిల్లీమీటర్లు. పిడి 95 ఉన్నా వేళ్లు వెనక్కి జరిపి పట్టుకుంటుంది, బ్లేడుకు దూరంగా. మళ్లీ భయమే.

మొదటి పిడి నేను తప్పుగా చేయించాను. బంకమట్టి ముద్ద ఆమె చేతికిచ్చి కత్తి పట్టినట్టు గట్టిగా పట్టమని, ఆ వేళ్ల అచ్చు ప్రకారమే చెక్కతో నమూనా చెక్కించాను. నాలుగు వేళ్లకు నాలుగు గుంటలు. చూడ్డానికి ఎంత బాగుందో. గంట పనిచేశాక ఆమె మొహమాటంగా తిరిగిచ్చేసింది. కారణం వీడియోలో దొరికింది. ఎముక వెంబడి గీసేటప్పుడు ఒక పట్టు, కీలు విప్పేటప్పుడు ఇంకో పట్టు, మాంసం పలకలా పరిచేటప్పుడు చూపుడు వేలు కత్తి వీపు మీదికి ఎక్కుతుంది. ఒక లెగ్ అయ్యేలోపు పట్టు మూడుసార్లు మారుతోంది, గుంటల పిడి మాత్రం ఒక్క పట్టునే ఒప్పుకుంటుంది. వేలు గుంటలో కాకుండా గట్టు మీద పడితే ఆ గట్టు నేరుగా వేలి పక్క నరాన్ని నొక్కుతుంది. పైగా కత్తులు చేతులు మారుతూ ఉంటాయి, ఒకరి వేళ్ల కొలత ఇంకొకరికి శిక్ష.

రెండోది పుస్తకం చూసి చేశాం. అమెరికాలో పనిచోట ఆరోగ్యం, భద్రత మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ 2004లో చేతి పనిముట్ల మీద వేసిన గైడులో గట్టి పట్టుకు 32 నుంచి 51 మిల్లీమీటర్ల మందం చెప్పారు, పొడవు కనీసం 100. సరే అని 36 మిల్లీమీటర్ల గుండ్రటి పిడి చేయించాం. బరువుగా పొడవడానికి బాగుంది, ఎముక పక్కనే సన్నగా తిప్పడానికి పనికిరాలేదు, కత్తి చేతిలో గిర్రున తిరిగిపోతోందని ముగ్గురు చెప్పారు. అక్కడ రెండు సంగతులు తెలిశాయి. ఎముక తీసే పని పూర్తి గట్టి పట్టు కాదు, పెన్ను పట్టులాంటి సన్న పనీ కాదు, రెండింటికీ మధ్యది, కాబట్టి మందం కాస్త తగ్గాలి. ఇంకోటి, గుండ్రటి పిడిలో అంచు ఎటు ఉందో చెయ్యికి తెలియదు, తిరగకుండా ఆపడానికి మళ్లీ బిగించాలి. కోడిగుడ్డు ఆకారంలో ఉంటే చూడకుండానే చెయ్యికి అంచు దిక్కు తెలుస్తుంది.

మూడోది కుదిరింది. కోలగా 31కి 24 మిల్లీమీటర్లు, పొడవు 122, అంటే ఆమె అరచేయి దాటి వెనక కొన బయటికి వస్తుంది. మందం సరిపోయిందా లేదా అన్నది కొలతతో కాకుండా ఇలా చూశాం: పిడి చుట్టూ వేళ్లు ముడిస్తే మధ్య వేలి కొన బొటనవేలి మొదట్లో ఉన్న కండకు తగిలీ తగలనట్టుండాలి. వేలు కండలోకి గుచ్చుకుంటే సన్నం, ఎడం మిగిలితే లావు. ముందు వైపు, వేళ్ల కింద, 14 మిల్లీమీటర్లు దిగే మెట్టు, చూపుడు వేలు దాన్ని దాటి బ్లేడు మీదికి పోలేనంత. వెనక చిటికెన వేలికి చిన్న కొక్కెం, లాగేటప్పుడు చెయ్యి జారిపోకుండా. పైభాగంలో మాత్రం మెట్టు పెట్టలేదు, ఎందుకంటే చూపుడు వేలు కత్తి వీపు మీదికి ఎక్కాలి, ఆ దారి మూస్తే పని పాడవుతుంది. ఆ ఒక్క విషయం చెప్పింది ఆమే, నేనైతే చుట్టూ మెట్టు పెట్టించేవాణ్ణి.

ఏ పదార్థంతో అన్నది పెద్ద చర్చ. చెక్క చేతికి హాయి, ఎవరూ కాదనరు, కానీ వేడినీళ్లలో పెడితే పగుళ్లిస్తుంది. పెద్ద మాంసం ప్లాంట్లలో కత్తులు 82 డిగ్రీల నీళ్లలో శుద్ధి చేస్తారు, చిన్న యూనిట్‌లో అంత కాకపోయినా మరుగునీళ్లు పోస్తారు. మెత్తటి రబ్బరు తొడుగు తొడిగి చూశాం, మొదటి రోజు అందరూ బాగుందన్నారు, పది రోజులకు లోపల జిడ్డు చేరి తొడుగే తిరగడం మొదలైంది, తీసేశాం. చివరికి పాలీప్రొపిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ కడ్డీ. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా, వాటి మిషన్ పనులు చేసే ఒక లేత్ షాపులో ఆ కడ్డీ దొరికింది. అక్కడి మేస్త్రీ కడ్డీ తిప్పి, ఆకురాయితో కోలగా చేసి, బ్లేడు తోక దిగే రంధ్రం తోక కంటే కొంచెం చిన్నదిగా వేశాడు. బ్లేడుకు తడిగుడ్డ చుట్టి తోకను మాత్రమే కాల్చి లోపలికి దింపితే ప్లాస్టిక్ కరిగి సందు లేకుండా పట్టేస్తుంది, ఆ పైన అడ్డంగా ఒక స్టీలు పిన్ను. తడిగుడ్డ లేకపోతే వేడి అంచుదాకా పాకి పదును నిలవదు. పొగ వస్తుంది, ఆరుబయట చెయ్యాలి. రివెట్ల సందు బాధ దీంతో పోయింది.

ఉపరితలం గురించి ఒక మాట. జారకూడదని లోతైన గీతలు పెడితే అందులో కొవ్వు చేరి ఇంకా ఎక్కువ జారుతుంది, కడిగినా పోదు. మేము గరుకు ఎమెరీ పేపరుతో పొడవుకు అడ్డంగా సన్నటి గరుకు మాత్రమే తెప్పించాం, సొరకాయ మీద నూగులా. నెల నెలా మళ్లీ రుద్దుతారు.

ఇక్కడిదాకా వచ్చాక పిడి ఒక్కటే చాలదని ఒప్పుకోవాల్సి వచ్చింది. కొత్త పిడితో పదును పోయిన కత్తి ఇస్తే గోళ్లు మళ్లీ తెల్లబడ్డాయి. 2003లో రేమండ్ మెక్‌గోరి బృందం మాంసం కోసేవాళ్ల మీద కొలిచి చూపించింది ఇదే, పదును తగ్గితే పట్టు బలం పెరుగుతుందని. యూనిట్‌లో సాన రోజుకు ఒక్కసారి, పొద్దున. ఇప్పుడు గంటకోసారి స్టీల్ రాడ్డు మీద నాలుగు సార్లు రాసుకుంటారు, సాన మామూలుగా పొద్దునే. అరగంట పని పోతుందని ఓనరు మొదట ఒప్పుకోలేదు. వాళ్ల వీడియోలే పక్కపక్కన పెట్టి చూపించాను, పదును కత్తితో లెగ్‌కి రెండు మూడు కోతలు తగ్గాయి, ఆయనే లెక్క వేసుకుని "చెయ్యండి సార్" అన్నాడు.

మణికట్టు వంపు ఇంకోటి. ఆమె మణికట్టు చిటికెన వేలి వైపు వంగి ఉంటోంది. 1982లో థామస్ ఆర్మ్‌స్ట్రాంగ్ వాళ్లు అమెరికాలో ఒక కోళ్ల ప్లాంట్‌లో కోసేవాళ్ల చేతులు చూసి, మణికట్టు నిటారుగా ఉండేలా పిడి ఆకారమే మార్చాలన్నారు. మాకు ఆ వంకర పిడి అవసరం పడలేదు, ఎందుకంటే అసలు తప్పు బల్లది. ఆమె పొట్టి మనిషి, బల్ల మగవాళ్ల ఎత్తుకు కట్టింది, మోచేయి పైకెత్తి మణికట్టు వంచి కోస్తోంది. బల్ల మోచేతికి జానెడు లోపు కిందుగా ఉండాలి. బల్ల తగ్గించలేం కాబట్టి ఆమె కాళ్ల కింద జారని చెక్క పీట వేశాం. ఎత్తుగా ఉన్న ఇంకో మనిషికి కోసే పలక కింద ఇంకో పలక. మణికట్టు నిటారయింది. కత్తిని వంచే ముందు బల్లను చూడండి.

కత్తి పట్టని చేతికి స్టీలు జాలీ గ్లవ్ ఇచ్చాం, అది వేరే ఖర్చు, కానీ కోడిని పట్టుకునే చెయ్యే ఎక్కువగా తెగేది. కత్తి పట్టే చేతికి మందపాటి గ్లవ్ వద్దన్నాను, మందం పెరిగితే స్పర్శ తగ్గుతుంది, స్పర్శ తగ్గితే పట్టు పెరుగుతుంది. ఐసులోంచి తీసిన మాంసం వేళ్లను మొద్దుబార్చినా ఇదే జరుగుతుంది, అందుకే పక్కన గోరువెచ్చటి నీళ్ల గిన్నె ఒకటి, అరగంటకోసారి చేతులు ముంచడానికి. ఇది వాళ్లకు అన్నిటికంటే నచ్చింది.

ఫలితం చెప్పేముందు మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. మూడో పిడి చేతికొచ్చేసరికి శ్రావణం దాటింది. ఆ తర్వాత తమిళ లెక్కన వచ్చే పెరటాసి నెల, మా వైపు శనివారాలు ఎంతమంది మాంసం ముట్టరో తెలిసిందే, ఆ వెంటనే కార్తీకం. ఆ రెండు నెలల్లో ఆమె రాత్రి తిమ్మిరి దాదాపు పోయింది. సంతోషించాను గానీ నమ్మలేదు, పని సగానికి పడిపోతే ఏ చెయ్యైనా కోలుకుంటుంది. మంచి పేరొచ్చే నెల చూసి పిడి గెలిచిందని రాస్తే అది తప్పు. కనుమ వారం దాకా ఆగాను. ఆ వారం యూనిట్‌లో మామూలు ఆదివారాల కంటే బరువు, మే నెలలో గంగమ్మ జాతరప్పుడు ఎంత ఉంటుందో అంత.

కనుమ అయిన మూడో రోజు చూశాను. ఆ వారంలో ఒకే రాత్రి మెలకువ వచ్చిందట. కుడి చేతి గ్రిప్ 20 కిలోలు. మణికట్టు వంచి పెడితే తిమ్మిరి యాభై సెకన్లకు వచ్చింది, పూర్తిగా పోలేదు. రాత్రి పట్టీ, టెండన్ వ్యాయామాలు కూడా ఇదే కాలంలో నడిచాయి కాబట్టి మెరుగులో ఎంత వాటా పిడిది, ఎంత మిగతావాటిది అని విడదీసి చెప్పను. విడదీయగలిగింది ఒకటే, వీడియో. కోతకీ కోతకీ మధ్య ఆ రెండు మూడు సెకన్లలో గోళ్లు ఇప్పుడు గులాబీ రంగుకు తిరుగుతున్నాయి. పట్టీ, వ్యాయామం ఆ పని చెయ్యలేవు. ఆమె మాటల్లో: "ఇప్పుడు కత్తి నన్ను పట్టుకున్నట్టుంది సార్."

మిగతా ముగ్గురిలో ఒకరికి ఈ పిడి లావైంది, 28కి 22 చేయించాం. వేలు తెగిన ఆ తమ్ముడిది ఎడమ చేతివాటం అని నాకు మూడో నెలలో తెలిసింది, అన్నాళ్లూ కుడి చేతి కత్తులతోనే సర్దుకుంటున్నాడు. కోల పిడి రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కాబట్టి అతనికి పిడితో ఇబ్బంది లేదు, బ్లేడు సాన మాత్రం రెండు వైపులా సమంగా పట్టించాల్సి వచ్చింది, అంతకుముందు ఒక పక్కే ఎక్కువ పట్టేవాళ్లు, ఎడమ చేతిలో కోత వంకర పోయేది. ఇప్పుడు ఎవరి కత్తి వాళ్లదే, బ్లేడు మీద పిడి పక్కన నంబరు కొట్టి ఉంది, సైజుల గొడవ లేదు.

ఒక్కో పిడికి లేత్ కూలితో కలిపి 260 రూపాయలు అయింది. పది నెలల్లో ఒక్కటే మార్చాం, మేస్త్రీ పిన్ను కాస్త ముందుకు కొట్టడం వల్ల అక్కడ చీలింది. ఇప్పుడు మొద్దు దగ్గర ముక్కలు కొట్టే పెద్దాయన మచ్చుకత్తి కొలతలు తీసుకుంటున్నాను. అది కోసే పని కాదు, కొట్టే పని, దెబ్బ మోచేతిదాకా పాకుతుంది, ఈ కోల పిడి దానికి పనికిరాదు. బంకమట్టి మాత్రం ఆయన చేతికి ఇవ్వలేదు. ముందు ఒక ఆదివారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పక్కన నిలబడి చూశాను.